మూడో మడి నీళ్ళు

ముందే ఒప్పేసుకుంటున్నాను. అహ్మదాబాద్‌లో నా అద్దె గదిలో, ఫ్రిజ్ మీద, ఫ్రేము కట్టించిన సర్టిఫికెట్ ఒకటి ఉంది. “తాలూకా విజ్ఞాన మేళా. ద్వితీయ బహుమతి. రణ్ ఉప్పునీటి విద్యుద్విశ్లేషణ. కుమారి వర్షా విరమ్‌భాయ్, ఎనిమిదో తరగతి.” ఇందులో కుమారి నిజం. వర్షా నిజం. మా నాన్న, అంటే బాపా పేరు నిజం. రణ్ ఉప్పునీరు అన్నది మాత్రం పచ్చి అబద్ధం. ఈ సంగతి పదమూడేళ్ళుగా నా అంతట నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోగా, ఉద్యోగం ఇంటర్వ్యూలో దాని గురించి పది నిమిషాలు గొప్పలు పోయాను కూడా.

మాది ఉప్పు పండించే ఇల్లు. దసరా దాటాక ఊరు వదిలి ఉప్పు ఎడారి అయిన రణ్‌లోకి వెళ్ళేవాళ్ళం, ఎండలు ముదిరి వానలు దగ్గర పడ్డాక తిరిగి వచ్చేవాళ్ళం. ఎనిమిది నెలలు గోనెపట్టాల గుడిసె, డీజిల్ ఇంజన్ టకటక, వారానికోసారి వచ్చే నీళ్ళ ట్యాంకరు, పాలు లేని ఎర్ర టీ. బావిలోంచి ఉప్పునీరు తోడి మడుల్లోకి వదిలితే ఎండ తాగినంత తాగి మిగిలింది మాకు వదిలేస్తుంది. మా వాళ్ళకి వానంటే అస్సలు పడదు, ఒక్క జల్లు పడినా నెల కష్టం కరిగిపోతుంది. అయినా నాకు వర్షా అని పేరు పెట్టారు. నేను పుట్టింది ఆగస్టులో. అందరూ ఊళ్ళో ఖాళీగా ఉన్నారు, బయట వాన పడుతోంది. అంతకు మించి ఎవరూ ఆలోచించినట్టు లేదు.

మాకు మూడు మడులు. మూడింటి మీదా చెల్లే మాట ఒక్కరిదే, మా భూదర్ దాదాది. దాదా అంటే మా బాపాకి తండ్రి.

ఆ మాట ఏమిటంటే, ఉప్పు గడ్డకట్టే కొద్దీ మడిలో మిగిలిన నీళ్ళు చేదెక్కుతాయి. సరైన సమయానికి గట్టు తెంపి ఆ చేదు నీళ్ళు బయటికి వదిలి, కొత్త నీళ్ళు పెట్టాలి. తొందరపడితే ఉప్పు తక్కువ, ఆలస్యం చేస్తే ఉప్పు చేదు. చేదు ఉప్పు చెమ్మ పట్టి చేతికి అంటుకుంటుంది. ఆ సమయం ఎప్పుడో చెప్పేది దాదా నాలుక. తెల్లవారగానే ధోవతి పైకి చెక్కి మడిలో దిగేవాడు. గాజుపెంకుల్లాంటి ఉప్పు మీద చెప్పుల్లేకుండా నడుచుకుంటూ వెళ్ళి, నాలుగు మూలలా చిటికెన వేలు ముంచి నోట్లో పెట్టుకునేవాడు. కళ్ళు మూసుకుని, “ఇంకా నాలుగు రోజులు” అనో, “సాయంత్రమే తెంపండి” అనో చెప్పేవాడు. పక్క మడుల మఘా కాకా కూడా వచ్చి పిలుచుకుపోయేవాడు.

ఒక పట్టుదల మాత్రం ఉండేది. గిన్నెలో తెచ్చి ఇస్తే ముట్టేవాడు కాదు. “గిన్నెలో పోశాక అది మడి నీళ్ళెట్టా అవుతుంది? గిన్నె నీళ్ళు అవుతుంది. పొయ్యి మీద పెట్టుకోండి” అనేవాడు. దాదా ఒక్కడే కాదు, వాళ్ళ కాలంలో రుచి చూసేవాళ్ళందరికీ అదే నియమం. వేలు మడిలోనే మునగాలి, ఆ వేలు వాళ్ళదే అయి ఉండాలి.

నేను ఏడో తరగతిలో ఉండగా, సీజన్ చివర, మా ఉప్పు కొనే సేఠ్ గారి లెక్కల గుమాస్తా, మునీమ్ రసిక్‌భాయ్ వచ్చాడు. గుప్పెడు ఉప్పు తీసి నలిపి, చెయ్యి చూసుకున్నాడు. నోట్లో వేసుకుని ఉమ్మేశాడు.

“విరమ్, చేదు. మూడింట్లో రెండు మడులు రెండో రకం కింద రాస్తున్నా.”

“మడి మంచిదే మునీమ్‌జీ, ఈ ఏడు గాలి...”

“గాలికి నోరు లేదని దాని మీదికి తోస్తావేం? మీ నాన్న నాలుక ముసలిదైంది. ఇక ఆ నాలుకతో మీ ఇంట్లో కూరకి ఉప్పు సరిపోయిందో లేదో చెప్పించుకోండి. మడికి గాజు మీటరు కొనండి.”

గాజు మీటరు థర్మామీటరుకి అన్నయ్యలా ఉంటుంది. నీళ్ళలో వేస్తే నిలువుగా తేలుతుంది, నీళ్ళు ఎంత చిక్కగా ఉంటే అంత పైకి లేస్తుంది. అప్పటికే చాలామంది కొన్నారు. దాదా దాన్ని ‘గాజు కుర్రాడు’ అనేవాడు.

మరుసటి దసరాకి రణ్‌లోకి రాగానే బాపా చెప్పేశాడు. ఇంజన్‌కి నూనె పోస్తూ, మొహం ఎత్తకుండా చెప్పాడు.

“బాపూ, ఈసారి మూడు మడుల్లో ఒక్కటి చేదు తేలినా వచ్చే ఏడు నుంచి మీటరు మాటే. నువ్వు ఇంజన్ దగ్గర కూర్చుందువుగాని.”

“ఇంజన్‌కి నేనెందుకురా? దానికి బోలెడు నోరుంది, ఏమొచ్చినా అదే అరిచి చెప్పుకుంటుంది.”

మా అమ్మకి, బాకి నవ్వొచ్చింది, ముసుగులో దాచుకుంది. మామగారి ముందు నేరుగా మాట్లాడే అలవాటు మా ఇళ్ళలో లేదు కాబట్టి, దాదా రెండడుగుల దూరంలో కూర్చున్నా నా ద్వారానే పంపేది. “వర్షా, దాదాని టీ చల్లారకముందు తాగమను.” నేను తిరిగి, “దాదా, టీ చల్లారకముందు తాగమంటోంది.” ఆయన, “తాగుతున్నానని చెప్పు.” ఈ టెలిఫోన్ ఎక్స్చేంజి ఉద్యోగం నేను చాలా ఏళ్ళు చేశాను.

దాదా నవ్విస్తే నవ్వించాడు గానీ ఆ రోజు టీ సగంలో వదిలేశాడు. ఇంజన్ పక్కన కూర్చోవడమంటే ఏమిటో మా అందరికీ తెలుసు. పని చేయలేని వాళ్ళని కూర్చోబెట్టే చోటది.

మా బడి ఒక డేరా. మా టీచరు దక్షాబెన్, ఊరి నుంచి స్కూటీ మీద వచ్చేది, ఆ స్కూటీ రంగు ఏమిటో ఉప్పుదుమ్ము వల్ల మాకు చివరిదాకా తెలియలేదు. జనవరిలో ఒక కాగితం ఊపుతూ వచ్చింది.

“ఫిబ్రవరి ఆఖర్లో మన తాలూకా పట్నం పాటడీలో విజ్ఞాన మేళా. పట్నం పిల్లలు ప్రతిసారీ అగ్నిపర్వతం తెస్తారు, వెనిగర్ పొంగిస్తారు, కప్పు పట్టుకుపోతారు. ఈసారి మనమూ వెళ్తున్నాం. వర్షా, నువ్వు విద్యుద్విశ్లేషణ చెయ్యి.”

“అదేంటండీ?”

“ఉప్పునీటిలోంచి కరెంటు పంపితే అది విడిపోతుంది. పుస్తకం నలభై రెండో పేజీ.”

నలభై రెండో పేజీలో ఇలా ఉంది: ఒక గ్లాసు నీటిలో రెండు చెంచాల ఉప్పు కలపండి. నేను అక్కడే ఆగిపోయాను. మా ఇంట్లో ఎనిమిది నెలల పాటు ఇంటిల్లిపాదీ చేసే పని ఉప్పులోంచి నీళ్ళు తీసేయడం. అలాంటిది తయారైన ఉప్పుని మళ్ళీ నీళ్ళలో కలపడమా? అదీ ట్యాంకరు మంచినీళ్ళలో? ఇది రాసినాయన ఎవరో చాలా డబ్బున్నవాడు అనుకున్నాను. గడప దాటితే ఉప్పునీరే కదా అని, చెంబు తీసుకెళ్ళి మొదటి మడిలో ముంచి తెచ్చాను.

మిగతా సరంజామా అంతా ఇంజన్ ఇచ్చింది. డీజిల్ ఎక్కే, లోపలిది కనిపించే ప్లాస్టిక్ పైపు పాత ముక్కని వంచి, ఇంగ్లీషు యు అక్షరంలా చెక్కకి కట్టాను. పాడైన టార్చి సెల్లులు పగలగొట్టి లోపలి నల్ల కడ్డీలు తీసి, రెండు కొసల్లో దించాను. మఘా కాకా మోటార్‌సైకిల్ బ్యాటరీ అడిగి తెచ్చాను. “పేలుతుందా?” అని అడిగాడు. “పేలదు కాకా.” “అయితే చూడ్డానికి రాను పో.”

తీగలు కలిపాను. రెండు కడ్డీల మీదా బుడగలు లేచాయి. ఒక వైపు ట్యాంకరులో కలిపే మందు వాసన వచ్చింది, అది పుస్తకంలో ఉంది. ఆ వైపు నీళ్ళు పసుపు రంగుకి తిరిగాయి, అది పుస్తకంలో లేదు. రెండో వైపు పాలు విరిగినట్టు తెల్లటి ముద్దలు కట్టాయి. అది అసలే లేదు.

దక్షాబెన్ వంగి చూసింది. “ఏం వేశావే ఇందులో? మజ్జిగా?”

“ఒట్టు, ఏం వెయ్యలేదండీ. మడి నీళ్ళు.”

“మడి నీళ్ళా? ఉప్పు కలపమంటే?”

“ఉప్పుని నీళ్ళలో కలపడం ఎందుకండీ, దండగ...”

ఆవిడ ఆ తెలుపు, ఆ పసుపు తన నోటుబుక్కులో రాసుకుంది. ఆదివారం పట్నం వెళ్ళి, సోమవారం తిరిగొచ్చి, స్కూటీ స్టాండ్ కూడా వేయకుండా అరిచింది. “వర్షా! తెల్లది మెగ్నీషియం, పసుపుది బ్రోమిన్! పుస్తకం వాళ్ళు వంటింటి ఉప్పుతో చేశారు, నువ్వు రణ్‌తో చేశావు. అగ్నిపర్వతాల సంగతి ఇక చూసుకుందాం!” ఆ తర్వాత నెమ్మదిగా అంది. “మీ నీళ్ళలో చేదు ఉంటుందే, అది ఎక్కువగా ఈ మెగ్నీషియం వల్లే. తెలుపు ఎంత దిగితే అంత చేదు. మూడు మడుల నుంచీ తెచ్చి మూడు పైపులు పెట్టు. ఒక్కో చెంచా మడి నీళ్ళు, దానికి పది చెంచాల మంచినీళ్ళు. తెలుపు పెరగడం ఆగేదాకా కరెంటు పంపు, పేరుకున్నాక స్కేలుతో కొలువు.”

ఇప్పుడు నాకున్న చదువుతో చూస్తే ఆ కొలతలో సవాలక్ష తప్పులున్నాయి. కానీ పదమూడేళ్ళ వయసులో, నా చేతులతో నేను చేసిన మొదటి కొలత అది. పొద్దున్నుంచి చెక్కల ముందు బాసింపట్టు వేసుకుని కూర్చునేదాన్ని. బా రొట్టె, వెల్లుల్లి పచ్చడి అక్కడికే తెచ్చి పెట్టేది. ఇప్పటికీ బ్లీచింగ్ వాసన తగిలితే నాకు హాస్పిటల్ గుర్తు రాదు, సజ్జరొట్టె గుర్తొస్తుంది.

మొదటి మడి: తెలుపు వేలెడు లేదు. రెండో మడి: అంతే. మూడో మడిలో మాత్రం అవతల, మఘా కాకా గట్టు దగ్గర మూల నుంచి తెచ్చాను, ఆ రోజు అటు ఆడుకోవడానికి వెళ్ళాను కాబట్టి. పైపులో సగం పైగా తెల్లగా నిండిపోయింది. తప్పు చేశాననుకుని మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే.

అంతకు ముందు రోజే దాదా మూడో మడి గట్టు మీద నిలబడి బాపాతో అన్నాడు. “దీనికింకా పదిహేను రోజులుంది, కదిలించకండి.”

స్కేలు కింద పెట్టేశాను. మునీమ్ చెప్పింది నిజమే, దాదా నాలుక పోయింది. మేళాకి రణ్ జనమంతా ట్రాక్టర్లెక్కి వస్తారు. అక్కడి డేరాలు వేయించేది సేఠ్, కాబట్టి మునీమ్ తప్పకుండా ఉంటాడు. నేను మూడు పైపులు వరసగా పెట్టి, కింద ‘మూడో మడి’ అని చీటీ అంటించి, మైకులో చెప్పాలి. దాదాని ఇంజన్ పక్కన కూర్చోబెట్టే పని, బాపా దాకా పోకుండా, నేనే చేసేసినట్టు.

మేళాకి ముందు రోజు మధ్యాహ్నం, మా బడి భోజనాల డేరాలో ఎవరూ లేనప్పుడు, వంటకి వాడే పాకెట్ ఉప్పు రెండు చెంచాలు కాగితంలో పొట్లం కట్టుకున్నాను. కనుచూపు మేర ఉప్పే ఉన్న చోట రెండు చెంచాల ఉప్పు దొంగిలించిన మనిషి చరిత్రలో నేనొక్కతెనే అయి ఉంటాను. మూడు పైపులూ కడిగేశాను. ఒక్క పైపే తీసుకెళ్ళాను.

మేళాలో నా బల్ల ఒక అగ్నిపర్వతానికీ ఇంకో అగ్నిపర్వతానికీ మధ్య పడింది. పాకెట్ ఉప్పు నీళ్ళు ఎంత బుద్ధిగా ప్రవర్తించాయంటే, పుస్తకం రాసినాయన చూస్తే నన్ను దత్తత తీసుకునేవాడు. బుడగలు, మందు వాసన, రెండో వైపు చిటికెడు పసుపు వేస్తే ఎర్రగా తిరగడం. తెలుపు లేదు. పసుపు రంగు లేదు. పక్కన మిగిలిన నీళ్ళు పోసి పెట్టిన సీసా మీద చీటీ: ‘రణ్ ఉప్పునీరు.’

దక్షాబెన్ చూసింది. “తెల్లది ఏది? మిగతా పైపులేవి?”

“పగిలిపోయాయండీ.”

“ప్లాస్టిక్ పైపులా?”

నేను బ్యాటరీ తీగలు సర్దుతూ ఉండిపోయాను. ఆవిడ నా జడలో ఊడిన రిబ్బను కట్టి పక్కకి వెళ్ళిపోయింది.

జడ్జి గారు పట్నం హైస్కూలు నుంచి వచ్చారు. అంతా విన్నారు, పైపుని వెలుతురులోకి తిప్పి చూశారు. “బాగా చెప్పావమ్మా. ఇది నిజంగా మీ రణ్ నీరేనా? ఇంత తేటగా ఉంది!”

నేను తల ఊపేలోపు వెనక నుంచి మునీమ్ గొంతు వచ్చింది. “ఆ మాట చెప్పాల్సినవాడు ఇక్కడే ఉన్నాడు సాబ్! భూదర్ కాకా, రండి రండి. యాభై ఏళ్ళ నాలుక. రుచి చూసి చెప్పండి, మీ నీళ్ళవునో కాదో.”

చుట్టూ నవ్వారు. దాదా ముందుకొచ్చాడు. పెళ్ళిళ్ళకి కట్టే తలపాగా కట్టుకున్నాడు ఆ రోజు, నా కోసం. సీసా చూశాడు. సీసాలోని నీళ్ళు! ఆయన ముట్టడని బాపాకి తెలుసు, మఘా కాకాకి తెలుసు, అందరికంటే బాగా మునీమ్‌కి తెలుసు.

“ఏం కాకా, సీసా అంటే మైలా?”

దాదా చిటికెన వేలు సీసాలో ముంచి నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. అంతసేపు ఆయన ఎప్పుడూ ఏ మడి దగ్గరా కళ్ళు మూసుకోగా నేను చూడలేదు.

“మావే,” అన్నాడు. “బాగా తెలుసు. మావే.”

చప్పట్లు కొట్టారు. నాకు ద్వితీయ బహుమతి వచ్చింది, ప్రథమం ఎడమ వైపు అగ్నిపర్వతానికి. ఫోటోలో నేను ఏడుస్తున్నట్టు ఉంటాను. ఆనందబాష్పాలని బా ఇప్పటికీ అందరికీ చెబుతుంది. నిజానికి నాకప్పుడు తెలిసినది ఒక్కటే. యాభై ఏళ్ళు రణ్ నీళ్ళు రుచి చూసిన మనిషికి, పాకెట్ ఉప్పుకీ మా నీళ్ళకీ తేడా తెలియలేదు. ఇక ఆ నాలుకకి ఏదీ తెలియదు.

తిరుగు ప్రయాణం ట్రాక్టరులో. బా, బాపా ముందు డ్రైవరు పక్కన ఇరుక్కున్నారు. వెనక ట్రాలీలో నేను, దాదా, సర్టిఫికెట్. రోడ్డు అయిపోయి రణ్ మొదలైంది. కుదుపులు తగ్గాయి. దాదా బీడీ వెలిగించుకుని, చాలా మామూలుగా అడిగాడు.

“పాకెట్ ఉప్పు ఎక్కడిదే?”

నేను సర్టిఫికెట్‌ని ఒళ్ళోకి లాక్కున్నాను.

“భోజనాల డేరాదే అయ్యుంటుంది. దాంట్లో ఏదో మందు కలుపుతారు. నాలుక చివర గోకుతుంది. మనది గొంతులోకి వెళ్ళి కూర్చుంటుంది.”

“మరి... మావే అన్నావు?”

“మరేమనాలి? అంతమంది ముందు నా మనవరాలు దొంగ అనమంటావా? ఆ రసిక్‌గాడు పళ్ళికిలించుకుని ఎదురుగా ఉంటే?” పొగ వదిలాడు. “సీసా నీళ్ళు రుచి చూడడం నాకిదే మొదటిసారి. నీ వల్ల అదీ అయిపోయింది. సరే, చెప్పు. మన నీళ్ళు ఏం పాపం చేశాయి?”

అప్పుడు ఏడుపు కట్టలు తెంచుకుంది. మూడు పైపులు, తెలుపు, స్కేలు, మూడో మడి, అన్నీ చెప్పాను. “నీ నాలుక పోయిందనుకున్నాను దాదా. అందరికీ తెలిసిపోతుందని.”

ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

“మూడో మడిలో ఎక్కడ ముంచావు?”

“అవతలి మూల. మఘా కాకా గట్టు దగ్గర.”

బీడీని ట్రాలీ అంచుకి నలిపి ఆర్పేశాడు. తర్వాత ధోవతి అంచు పైకి లాగి కాళ్ళు చూపించాడు. అరికాళ్ళ నిండా పగుళ్ళు, వాటిలో ఉప్పు తిని మానని పుళ్ళు, మడమల చుట్టూ గుడ్డ పేలికలు. ఎప్పుడూ కాళ్ళు ముడుచుకుని కూర్చునేవాడు కాబట్టి నేను చూడలేదు. ఎవరూ చూడలేదనుకుంటా.

“నేను ఆ మూలకి వెళ్ళి రెండేళ్ళయిందే పిల్లా. ఇవతలి గట్టు దగ్గర, కొత్త నీళ్ళు వచ్చి పడే చోట ముంచి చెబుతున్నా. అక్కడ ఎప్పుడూ బాగానే ఉంటుంది.”

“మరి బాపాకి చెప్పొచ్చుగా?”

“ఏమని? నడవలేనివాడికి మడి మీద మాటేమిటంటాడు. నిజమే కదా. నాలుక పోయిందని తిట్టినా పడొచ్చు, దాని మీద ఇంకా వాదించొచ్చు. కాళ్ళు పోయాయంటే ఏం వాదిస్తాను?”

ట్రాక్టరు మా గుడిసె దగ్గర ఆగేలోపు ఇద్దరం ఒప్పందం చేసుకున్నాం. పాకెట్ సంగతి ఆయన చెప్పడు, కాళ్ళ సంగతి నేను చెప్పను. కానీ మూడో మడి అలాగే ఉంది. హోలీ అయ్యాక మునీమ్ వస్తాడు. ఒప్పందాలతో చేదు పోదు.

మర్నాడు పొద్దున్నే నేను నాలుగు స్టీలు గ్లాసులతో మడి చుట్టూ తిరిగి వచ్చాను. దాదా మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. గ్లాసులు వరసగా పెట్టాను.

“ఇవేంటి?”

“నాలుగు మూలలు.”

“గ్లాసు నీళ్ళు నేను...”

“నిన్న సీసాలోవి చప్పరించావుగా. అందరి ముందు. చప్పట్లు కూడా కొట్టారు.”

చాలాసేపు నన్ను గుర్రుగా చూశాడు. తర్వాత వేలు ముంచాడు. ఒకటి. “ఊఁ.” రెండు. “ఊఁ.” మూడు. మొహం కాస్త ముడిచాడు. నాలుగో గ్లాసు దగ్గర తుపుక్కున ఉమ్మేసి, మంచినీళ్ళ కుండ వైపు చెయ్యి చాపాడు.

“విషమే ఇది! విషం! విరమ్! ఒరేయ్ విరమ్! మూడో మడి అవతలి గట్టు ఇవాళే తెంపు!”

బాపా ఉప్పు లాగే దంతె పట్టుకుని పరుగున వచ్చాడు. “మొన్ననే పదిహేను రోజులన్నావు కదా బాపూ?”

“మొన్న మొన్నే, ఇవాళ ఇవాళే. గాలి మారింది.”

బాపా గ్లాసుల వైపు చూశాడు. నా వైపు చూశాడు. ఏమనుకున్నాడో, పార తీసుకుని వెళ్ళిపోయాడు. లోపల్నుంచి బా గొంతు వచ్చింది. “వర్షా, దాదాని టీ తాగమను, చేదు పోతుంది.”

ఆ రోజు నుంచి రోజూ పొద్దున నాలుగు గ్లాసులు. ఆయన నాలుకతో చెప్పేవాడు, నేను పైపులో తెలుపు కొలిచేదాన్ని. రెండూ కలవని రోజు రెండే రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ నా కొలతే తప్పు, ఒకసారి బ్యాటరీ బలహీనపడింది, ఒకసారి మూలలు తారుమారు చేశాను. “నీ పైపుకి ఇంకా పళ్ళు రాలేదే” అనేవాడు దాదా.

హోలీ తర్వాత మునీమ్ వచ్చాడు. మొదటి మడి, రెండో మడి చూశాడు. మూడోదానికి నేరుగా మఘా కాకా గట్టు మూలకే వెళ్ళాడు, ఎక్కడ వెతకాలో తెలిసినవాడు. గుప్పెడు తీసి నలిపాడు. చెయ్యి పొడిగా ఉంది. నోట్లో వేసుకున్నాడు. మేమంతా ఆయన నోటి వైపే చూస్తున్నాం. ఉమ్మలేదు.

“బాగుంది,” అన్నాడు, ఆ మాటే చేదుగా ఉన్నట్టు. “మొదటి రకం. మీటరు ఎప్పుడు కొన్నావు విరమ్?”

బాపా చేతులు దులుపుకున్నాడు. “కొనలేదు మునీమ్‌జీ. మీటరు మంచం మీద కూర్చుని టీ తాగుతోంది.”

దాదా మరో నాలుగు సీజన్లు మా మడులకి మాట చెప్పాడు. చివరి రెండేళ్ళూ పక్కన గాజు మీటరు కూడా ఉంది, బాపా నిజంగానే కొన్నాడు. దాదా దాన్నీ వదల్లేదు. “గాజు కుర్రాడు ఇవాళ ఎంతన్నాడు?” అని అడిగి, గ్లాసు రుచి చూసి, మార్కులు వేసేవాడు. నేను హాస్టల్‌కి వెళ్ళాక గ్లాసులు తెచ్చే పని బాపా చేశాడు. ఒక్కసారి కూడా, నువ్వే ఎందుకు వెళ్ళవు అని అడగలేదు. కాళ్ళ సంగతి ఆయనకి ఎప్పట్నుంచి తెలుసో నాకు తెలీదు.

ఇప్పుడు నేను పంపులకి సెన్సర్లు అమర్చే కంపెనీలో కోడ్ రాస్తాను. కొత్తగా చేరినవాళ్ళు ఒకే చోట ఒకే సెన్సర్ పెట్టి, రీడింగ్ బాగుందండీ అని వస్తే, “అవతలి మూలకి వెళ్ళావా?” అని అడుగుతాను. ఆఫీసులో అదొక జోకు అయిపోయింది. ఎక్కడిదో ఎవరికీ తెలియదు.

సర్టిఫికెట్ ఫ్రేము వెనక ఒక చిన్న సీసా దాచాను. మూడో మడి, అవతలి మూల. నీళ్ళు ఎప్పుడో ఎండిపోయాయి, అడుగున బూడిద రంగు పొర ఉంది. అప్పుడప్పుడు వేలు తడి చేసి, దానికి అద్ది నోట్లో పెట్టుకుంటాను. నాలుక చివర కాదు, గొంతులోకి వెళ్ళి కూర్చుంటుంది. విషమే, దాదా చెప్పినట్టు. అయినా ఉమ్మబుద్ధి కాదు.

పదమూడేళ్ళ నేరం ఒప్పేసుకున్నాను, కాస్త తేలిగ్గా ఉంది. ఇక మీ వంతు. బడి ప్రాజెక్టులో మీరు మార్చేసిన నీళ్ళు, చింపేసిన గ్రాఫు, ఇంట్లో ఎవరి పరువు కోసమో దాచిన కొలత ఏదో ఒకటి ఉండే ఉంటుంది. నాకు రాయండి. దక్షాబెన్, మీరు ఇది చదువుతుంటే మీరూ రాయండి. ప్లాస్టిక్ పైపులు పగలవని నాకు అప్పుడే తెలుసు.